కత్తి మీద మూత

కోత మిషను మీది మూత విరిగి, గోడవార పడి ఉంది. ఆ మూత కింద ఉండేది, ఉడికించి చల్లార్చిన రొయ్యల పిండి దిండ్లను అప్పడాలకని పల్చటి బిళ్లలుగా కోసే కత్తి. దానికి పిండైనా వేళ్లైనా ఒకటే. అక్కడ పనిచేసేది యాయుక్. కొత్త మూత కోసం, ఆ షెడ్డు చూసుకునే నేను పెట్టిన ఇండెంటు స్టోరు దాటింది, అకౌంట్సు దాటింది, యజమాని హెందార్తో గారి బల్ల మీద కూర్చుంది. సిదోఆర్జోలోని మా ఫ్యాక్టరీలో ఆయన్ని అందరం బాపక్ అంటాం, తండ్రిని పిలిచినట్టే. నన్ను ఇబు అంటారు, అమ్మా అన్నట్టు. ఆయన సంతకం కోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాయి.

ఆ వారమే బాపక్ ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించారు. ఇక కాగితాలు బల్లలు తిరగవట, అనుమతులన్నీ ఫోన్లలోనే నడుస్తాయట. ముందు ఒక్క పనికే పెట్టి చూద్దామని, అదేదో తేల్చమని మీటింగు పెట్టారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన గిలాంగ్ బోర్డు దగ్గర నిలబడ్డాడు.

"తరచూ వచ్చే పనేది, అదెక్కడ ఆగుతోంది, ఆగితే ఎవరికి దెబ్బ? ఇవి చెప్తే చాలండి."

ఎక్కడ ఆగుతోందో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆగే చోటు ముందు కుర్చీలో కూర్చుని, నూనెలో వేయించిన రిసోలెస్ తింటోంది. పెద్దమనిషి మొహం మీద ఎవరు చెప్తారు? మా మొహమాటం తగలెయ్య.

అకౌంట్సులో పనిచేసే తూతిక్ గొంతు సవరించుకుంది. "మీటింగులకి టిఫిన్లు తెప్పించడం మహా తలనొప్పిగా ఉందండి. ఒకరు లెంపెర్ అంటారు, ఒకరు రిసోలెస్ అంటారు."

అందరూ హాయిగా తలూపారు. నాకు ఒళ్లు మండింది.

"రిపేర్ల అనుమతికి పెడదాం బాపక్," అన్నాను.

"అది బానే నడుస్తోంది కదా, ఇబు వివిక్. ఎక్కడ ఆగుతోందంటారు?"

జవాబు నోటి దాకా వచ్చింది. "అక్కడక్కడా," అన్నాను. టిఫిన్లే గెలిచాయి.

బయటికొచ్చాక గిలాంగ్ మెల్లగా అన్నాడు, "మీరన్నదే సరైంది ఇబు. గట్టిగా చెప్పాల్సింది."

"నువ్వు చెప్పలేకపోయావా?"

"నేను బయటివాణ్ణి. బాగోదు."

మర్నాడు యాయుక్ తన గ్లౌజు తెచ్చి చూపించింది. దానికి చూపుడువేలి కొస లేదు.

"ఇవాళ్టికి గ్లౌజుతో పోయింది ఇబు," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వెళ్లి స్విచ్చి కట్టేశాను.

"బాపక్ తిడతారేమో ఇబు."

"తిట్టనీ. తిట్టడానికైనా కిందికి దిగుతారు."

దిగారు. మిషను చప్పుడు ఆగీ ఆగకముందే వచ్చి నా ముందు నిలబడ్డారు.

"ఎవరాపమన్నారు?"

"నేనే ఆపాను. మూత వస్తే నడుస్తుంది. ఆ ఇండెంటు మీ బల్ల మీదే ఉంది బాపక్. చాన్నాళ్లుగా అక్కడే ఉంది."

చుట్టూ ఉన్నవాళ్లంతా నేల చూపులు చూశారు. బాపక్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఇంత అవసరమని ముందే చెప్పొచ్చు కదా ఇబు," అని చల్లగా నవ్వి, తనే విడిభాగాల కొట్టుకు ఫోన్ చేశారు. సాయంత్రానికి మూత బిగించారు. ఒక్క ఫోనుకి అయ్యే పని. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

పని ముగిశాక నన్నూ గిలాంగ్‌నీ పైకి పిలిచారు. "టిఫిన్ల సంగతి తర్వాత చూద్దాం," అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ముందు మిషను ఆపడం ఫోన్లోకి ఎక్కించండి. ఇకమీదట నా అనుమతి లేకుండా ఎవరూ ఆపకూడదు."

"సులువేనండి," అన్నాడు గిలాంగ్.

నేను ఎంత వాదించినా బాపక్ నవ్వుతూనే ఉన్నారు. కిందికొచ్చి యాయుక్‌తో చెప్పాను. ఆమె స్విచ్చి వైపు చూసింది.

"అయితే ఇబు, చెయ్యి ఇరుక్కుంటే ముందు స్విచ్చి నొక్కాలా, ఫోను నొక్కాలా?"

హాస్యానికి అడగలేదు.

"స్విచ్చే. ఫోను సంగతి నేను చూసుకుంటా," అన్నాను.

సరేనని తలూపింది. మర్నాటి నుంచి మాత్రం ఫోను కత్తి పక్కనే పెట్టుకుని పనిచేస్తోంది.