బోర్డు మీది ఎడారి

పెద్దకోడలికి ఉద్యోగం నిలిచింది గానీ, నిలబెట్టుకున్న తీరు మంచిది కాదు.

తోడికోడళ్ళిద్దరూ ఒకే ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు. వాళ్ళ పాఠమల్లా, చూడ్డానికి కవలల్లా ఉండి, అర్థంలో ఒకదానికొకటి పొంతన లేని పదాల జంటలు. ఏ పూట ఏ జంటో సీనియరైన పెద్దకోడలు బోర్డు మీద రాయాలి, ఇద్దరూ అదే చెప్పాలి. పెద్దకోడలు చెబితే పిల్లలు రాసుకునేవాళ్ళు. చిన్నకోడలు చెబితే ఆ వస్తువే బల్ల మీదికి వచ్చేది. ‘ఏంజెల్’ అంటే బారెడు తెల్ల ఈక, ‘యాంగిల్’ అంటే మూలమట్టం. ఊడ్చే ఆయా ఈకల గురించి సణిగిందే తప్ప ఎవరూ వింతపడలేదు.

పెద్దకోడలికి మాత్రం కడుపు రగిలిపోయేది. వంటింట్లో తలుపేసుకుని ‘ఏంజెల్, ఏంజెల్’ అని గొంతు నొప్పెట్టేదాకా అని చూసింది. నూలుపోగైనా రాలలేదు. ఆమె పిల్లలు ఒక్కొక్కరే చిన్నకోడలి గదికి జారుకున్నారు.

ఇక ఒక్క టీచరు చాలని, రేపు పాఠాలు విని ఎవరో తేలుస్తానని యజమాని అన్నాడు.

మర్నాడు పెద్దకోడలు బోర్డు మీద ‘డిజర్ట్’, ‘డెజర్ట్’ రాసింది. తిన్నాక పెట్టే తీపి ఒకటి, ఎడారి ఇంకొకటి.

చిన్నకోడలు మొదటిది చెప్పగానే కేకు వచ్చింది. యజమాని చెంచా నాకాడు. రెండోది చెప్పగానే కాలే ఇసుక బెంచీల ఎత్తుకు వచ్చింది. పిల్లలు కిటికీలెక్కి కేరింతలు కొట్టారు. యజమాని బూట్లు దులుపుకుంటూ, ఉద్యోగం పెద్దావిడదే అనేసి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ ఇసుక ఎత్తిపోశారు. చిన్నకోడలి అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

"ఇసుక వస్తుందని నీకు తెలుసుగా అక్కా?"

"తెలుసు."

"ముందే ఒక్కమాట అంటే చెప్పులేసుకుని నిలబడేదాన్ని."

చిన్నకోడలు తిట్టి ఉంటే పెద్దకోడలూ రెండు తిట్టి ఊరుకునేది. పెద్దకోడలు చేట కింద పెట్టి, తిన్నగా యజమాని గదికి వెళ్ళింది. ఆయన ఇంకా మేజోళ్ళు దులుపుకుంటున్నాడు. ఆ పదాలు కావాలనే రాశానని, ఉద్యోగం చెల్లెలిదని చెప్పి, సుద్దపెట్టె ఆయన బల్ల మీద పెట్టేసింది.

తర్వాత ఇంటి దగ్గరే నలుగురు పిల్లల్ని పోగేసి చెప్పుకుంది. చిన్నకోడలి క్లాసులో ఏమేం రాలాయో పిల్లలు వచ్చి చెబితే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది. కానీ మళ్ళీ ఎప్పుడూ ఇంకొకరి పాఠానికి పదాలు తను ఎంచలేదు.