పని మధ్యలో పిలుపు

చక్రాల కుర్చీ వెనక్కి జారింది. అందులోంచి సగం లేచిన డ్రైవర్ బాబాయ్ తూలి, తనను లేపుతున్న అమ్మాయి భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్ళి గోడకు గుద్దుకున్నారు. కుర్చీకి బ్రేకు వెయ్యలేదు. ఫిజియోథెరపీలో చేరిన మొదటి నెలలో నేర్పే పని అది. ఆమెది ఆఖరి సంవత్సరం.

“అయ్యిందా, పరధ్యానం?” అన్నాడు వాళ్ళకు పని నేర్పే పెద్దసారు, వార్డు పక్కనే ఉన్న తన గది గుమ్మంలోంచి. ఆ పేరు ఆయన పెట్టిందే. ఇప్పుడు వార్డంతా ఆమెను అలాగే పిలుస్తుంది. “చేతులు బాగానే ఉన్నాయి, తలకాయే ఎప్పుడూ ఊళ్ళో ఉండదు. ఇంకొక్క తప్పు జరిగిందా, ఫెయిలే. మళ్ళీ ఏడాది చదువుకో.”

మళ్ళీ ఏడాదంటే, అమ్మ మళ్ళీ ఏడాదిపాటు హాస్టలు వంటగదిలో వంగి గిన్నెలు తోమడం. అమ్మ నడుము ఇంకో ఏడాది మొయ్యదని ఆమెకు ఈ చదువే చెప్పింది.

పోయిన వారం ఏకాగ్రత మీద పెద్దసారే పాఠం చెప్పాడు. ఒక పని పట్టుకుంటే అది ముగిసేదాకా రెండోది ముట్టుకోవద్దన్నాడు. ఆ పాఠం మధ్యలోనే ఆమెను మార్కరు పెన్ను కోసం ఒకసారి, టీ కోసం ఒకసారి బయటికి పంపాడు.

ఇందాకా అంతే. చెయ్యి బ్రేకు మీదికి పోతుండగా ఎక్స్‌రే తెమ్మని కేక. పరిగెత్తి, ఇచ్చి, వచ్చి, బ్రేకు వేశాననే అనుకుంది.

డ్రైవర్ బాబాయ్ మంచం అంచున కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. పక్షవాతం ఆయన కుడిపక్కను పట్టింది గానీ నోటి జోలికి పోలేదు.

“నా బస్సులో డ్రైవరుతో మాట్లాడరాదని రాసుండేదే. నీ వీపుకీ ఓ బోర్డు తగిలించాలి.”

“నవ్వించకండి బాబాయ్. లేద్దాం.”

ఆయన బలహీనమైన మోకాలికి తన మోకాలు ఆనించి, నడుం చుట్టూ చేతులు వేసి లేపింది. ఆయన వణుకుతూ నిలబడ్డాడు.

“పరధ్యానం, ఇటొచ్చి రెండు కుర్చీలు వెయ్యి. మనుషులొచ్చారు,” గదిలోంచి పెద్దసారు కేక.

అలవాటుకొద్దీ ఆమె మడమ లేచింది. బాబాయ్ మోకాలు మెత్తబడి ఆమె మీదికి వాలింది. ఆమె మడమను మళ్ళీ నేలకు అదిమింది.

“రాను సార్.”



“ఏమన్నావ్?”

“ఈయన్ని నిలబెట్టాను. కూర్చోబెట్టాక వస్తాను.”

గదిలో కుర్చీ కిర్రుమంది. బూట్ల చప్పుడు ఇటే వస్తోంది.

“నేలను చూడకండి బాబాయ్. కిటికీ వైపు చూడండి,” అంది ఆమె. ఆయన బరువంతా ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది.