గొట్టం ఒడ్డెక్కిన చోటు

బర్తుల్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు మా దీవిలో లేరు. సార్డీన్ చేపల్ని ఉప్పులో ఊరేసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీని ముప్ఫై ఏళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే నడిపాడు. మేయరయ్యాకా అంతే. మండలి ఆఫీసులో నేను గుమస్తాని. కాగితాలు పట్టుకుని ఆయన వెనకాల వరండాలో నడవడమే నా ఉద్యోగంలో సగం.

ఆయన గెలిచింది ఒక్క మాట మీద: "గొట్టంలో నీళ్ళు తెప్పిస్తా." వేసవిలో మాకు అవతలి ఒడ్డున ఉన్న స్ప్లిట్ నగరం నుంచి ఓడలో నీళ్ళు రావాలి. అది రాని రోజు గిన్నెలు సముద్రపు నీళ్ళతో తోముకోవాలి. సముద్రం అడుగున గొట్టం వేస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. మార్చిలో ఇంజనీరు వచ్చి తీరమంతా కొలిచి, పటం మీద వేలు పెట్టింది.

"గొట్టం ఒడ్డెక్కడానికి ఇదొక్కటే అనువైన చోటు. తక్కినదంతా కొండరాయి. పంపులూ ఇక్కడే పెట్టాలి."

ఆ వేలి కింద ఉన్నది బర్తుల్ ఫ్యాక్టరీ.

పదేళ్ళ కిందట పాత మేయరు అదే స్థలం అడిగితే, "నా గోడ మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఉండదు" అన్నాడీయన. ఈసారి ఇంకో చోటు దొరక్కపోతుందా అని ఆశపడ్డాడు. దొరకలేదు. స్థలం ఇవ్వమని మేయరు నుంచి ఫ్యాక్టరీ యజమానికి ఉత్తరం నేనే టైపు చేశాను. పదిహేను రోజుల్లో జవాబివ్వాలి.

"యజమానికి ఎలా పంపను బాబాయ్?" అన్నాను.

"ఇలా తే," అని లాక్కుని, జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

ఆ రెండు వారాలూ ఆయనకి ఎక్కడా కాలు నిలవలేదు. రేవు చివరిదాకా వెళ్ళేవాడు, వచ్చేవాడు. ఆఫీసు కిటికీ తెరిచేవాడు, మూసేవాడు. పన్నెండో రోజున లుక్రియా వచ్చింది. ఫ్యాక్టరీలో పనిచేసే పదకొండు మంది ఆడవాళ్ళలో పెద్దది.

"కూర్చో అక్కా."

"కూర్చోడానికి రాలేదు. కూలగొడతావటగా?"

"మీకు నీళ్ళు కావాలా, వద్దా?"

"కావాలి. పనీ కావాలి. రెండూ నీ దగ్గరే ఉంటాయని ఓటేశాం."

"కొండ మీద కొత్త షెడ్డు వేస్తా. రెండేళ్ళు ఆగండి."

"రెండేళ్ళు గాలి తిని బతుకుతాం లే!" అని తలుపు ధడేలున వేసి వెళ్ళిపోయింది.

పద్నాలుగో రోజు పొద్దున్నే సంతకం పెట్టిన కాగితం నా బల్ల మీద పడేశాడు. "మళ్ళీ నాకు చూపించకు. చించేస్తానేమో," అన్నాడు.

శరదృతువులో గోడలు కూల్చారు. రోజూ వెళ్ళి చూసొచ్చేవాడు, చొక్కా నిండా సున్నపు దుమ్ముతో. మరుసటి జూన్‌లో నీళ్ళొచ్చాయి. చర్చి ముందు కుళాయి తిప్పితే జనం చప్పట్లు కొట్టారు, పిల్లలు తడిశారు. ఆ పదకొండు మందిలో ఒక్కరూ రాలేదు. బర్తుల్ జనంలో వాళ్ళనే వెతుక్కుంటూ ఉపన్యాసం మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు.

షెడ్డుకి అనుమతి రాలేదు. కొండ మీద పురాతన కాలపు రాతిగోడలున్నాయని పురావస్తు శాఖవాళ్ళు ఆపేశారు. తర్వాతి ఎన్నికల్లో ఇరవై మూడు ఓట్లతో ఓడిపోయాడు. ఆయన మీద గెలిచినాయన ఊళ్ళో హోటలు నడుపుతాడు; ఆ పూట వాళ్ళింట్లో విందుకొచ్చిన వాళ్ళందరూ గొట్టం నీళ్ళే తాగారు.

అప్పటికి లుక్రియా, మరో ముగ్గురూ కలిసి ఆవిడ గ్యారేజీలోనే చేపలు ఊరేసి అమ్ముతున్నారు. ఓడిన నాలుగో రోజున బర్తుల్ అక్కడికి వెళ్ళాడు. వాళ్ళలో ఒకావిడకి పెన్షన్ కాగితం ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"ఏం కావాలి?" అంది లుక్రియా, చేతిలో పని ఆపకుండా.

"పని."

"యజమానిగానా?"

"కాదు. నువ్వు చెప్పింది చేస్తా."

ఆవిడ తక్కిన ముగ్గురి వైపూ చూసింది. చివరికి చేపల బుట్టని కాలితో ఆయన వైపు నెట్టింది.

"తలలు తియ్యి. బొటనవేలితో, పేగులు కూడా దాంతోపాటే ఊడిరావాలి."

మొదటి చేపని నుజ్జు చేశాడు. రెండోదీ అంతే. "ముప్ఫై ఏళ్ళు చేపలమ్మావు, ఇది రాదా నీకు!" అని ఒకావిడ పకపకా నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మూడో చేప అందుకున్నాడు.