పదకొండో ఫ్రీజరు

నీలాలపేటలో పదకొండు డీప్ ఫ్రీజర్లున్నాయి. 2017 ఆగస్టులో విద్యుత్ సంస్థ వాళ్లు వచ్చి ఒక్కోదానికి ఒక్కో పెట్టె బిగించారు. పెట్టె అరచేతి పొడవుంటుంది. గోడ ప్లగ్గులో పెట్టె, పెట్టెలో ఫ్రీజరు ప్లగ్గు. లోపల సిమ్‌కార్డు ఉంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా సబ్‌స్టేషన్ మీద భారం పెరిగితే విశాఖపట్నంలోని కంప్యూటర్ పెట్టెలకు సందేశం పంపుతుంది. ఫ్రీజర్లు ఆగిపోతాయి.

బదులుగా ఊరికి ఒక హామీ ఇచ్చారు. అంతవరకు రోజూ సాయంత్రం పూట గంటసేపు తీస్తున్న కరెంటు ఇక తీయరు. షరతు ఒకటే: పదకొండూ ఆగాలి. ఒక్కటి ఆగకపోయినా ఆ సాయంత్రం ఊరి లైను ఆగుతుంది.

కాగితం మీద దాలయ్య సంతకం పెట్టాడు. ఆయన ఊరి పెద్ద. ఊరి తరఫున మాట ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆయనే ఇస్తాడు. ఇంటింటికీ వెళ్లి అడగడం ఆ ఊళ్లో లేదు. పదకొండో ఫ్రీజరున్న మరిడమ్మ ఆ రోజు ఆమదాలవలసలో చేపలు అమ్ముతోంది.

మిగతా పది ఇళ్ల ఫ్రీజర్లలో పడవలకు ఐసు, గాలాలకు ఎర ఉంటాయి. మరిడమ్మ ఫ్రీజరులో మర్నాటి బజారుకు చేపలుంటాయి. ఆమె భర్త కూర్మయ్య గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద పని చేస్తున్నాడు. ఫ్రీజరు రాకముందు ఆమె కూడా అందరిలాగే సాయంత్రం ఒడ్డునే వ్యాపారి జగన్నాధం వ్యానుకు చేపలిచ్చేది. చేప తెల్లవారేదాకా ఆగదు కాబట్టి అతను చెప్పిందే ధర. ఫ్రీజరు కొన్న మూడేళ్లుగా ఆమె అతనితో మాట్లాడలేదు.

పడవలు ఐదింటికి ఒడ్డుకు చేరతాయి. తమ్ముడి పడవలోని చేపలు తెచ్చి, కడిగి ఫ్రీజరులో వేసేసరికి ఐదున్నర దాటుతుంది. సబ్‌స్టేషన్ మీద భారం రోజూ పెరిగేదే కాబట్టి, చేప గడ్డకట్టకముందే ఆరింటికి ఫ్రీజరు ఆగి పదింటిదాకా నడవదు.

సెప్టెంబరు రెండో వారంలో, ఆమదాలవలస స్టేషన్ దగ్గర మెస్ నడిపే రాజకుమారి ఒక కానాగంత చేపను తీసి బొటనవేలితో పొట్ట నొక్కింది. వేలు దిగింది.

"ఏటి మరిడమ్మా, నాకు మొన్నటివి అంటగట్టీసినావేటి?"

"నిన్న సాయంత్రానివేనమ్మా. కరెంటోల్లు ఫ్రీజరు ఆపేస్తన్నారు."

"మెస్‌కొచ్చినోలు కరెంటోల్లని తిట్టరే, నన్ను తిడతారు. ఆదివారం నిశ్చితార్థం బోయినాలున్నాయి. ఇరవై కిలోలు కావాల. అవీ ఇలాగే ఉన్నాయనుకో, మరి నా గుమ్మంలోకి రాకు."

మరిడమ్మ బుట్టలో సగం పైగా రోజూ రాజకుమారే కొంటుంది. ఆమె కొనకపోతే మిగిలినవాటి కోసం ఆమదాలవలస దాకా రావడం దండగ.

తిరుగుదారిలో మరిడమ్మ సబ్‌స్టేషన్ దగ్గర దిగింది. అసిస్టెంట్ ఇంజనీరు అనూరాధ ఆమెను కూర్చోమంది.

"మూత తీయకపోతే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుందమ్మా. పరీక్ష చేసే పెట్టాం."

"మూత తియ్యకపోతే సేపలు లోపలికి ఎలగెల్తాయమ్మా?"

పరీక్షలో ఏం పెట్టి చూశారో అనూరాధకు తెలియదు. వేళలు మార్చడం తన చేతిలో లేదని, పైకి రాస్తానని చెప్పింది. రాసింది కూడా. మరిడమ్మ ఒక్కతే పథకం నుంచి తప్పుకోవచ్చా అంటే, తప్పుకోవచ్చని, ఊరికి హామీ పోతుందని చెప్పింది.

దాలయ్య మరిడమ్మకు మేనమామ. అరుగు మీద వల బాగుచేసుకుంటూ విన్నాడు.

"ఊరి మాట ఇచ్చీసినాను మరిడీ. నీ గంపెడు సేపలకి ఊరంతా సీకట్లో కూకోవాలేటి?"

"నన్నడిగి ఇచ్చినావా మావా?"

"ఎవుల్నడిగి ఇచ్చినాను? పదిమందీ ఊరుకోనేదా?"

శనివారం పడవలో ఇరవై రెండు కిలోల కానాగంతలు వచ్చాయి. మరిడమ్మ వాటిని ఫ్రీజరులో వేసి, పెట్టెలోంచి ప్లగ్గు పీకి నేరుగా గోడకు పెట్టింది. శనివారం సాయంత్రం ఆఫీసుకు తాళం వేస్తారని ఆమెకు తెలుసు. మనిషి లేనప్పుడు చూసేదెవరు అనుకుంది. ఆమె అనుకున్నట్టే ఆఫీసులో ఎవరూ లేరు. ఆరూ పదికి ఊళ్లో కరెంటు పోయింది. లైను తీయడానికి మనిషి అక్కర్లేదు.

ఆమె ఫ్రీజరు కూడా ఆగిపోయింది.

దాలయ్య ఫోనుకు సందేశం వచ్చింది. ఇంగ్లీషు చదవలేకపోయినా అందులో పదకొండు అంకె ఆయన పోల్చుకున్నాడు. అది మరిడమ్మ పెట్టె నంబరు. పావుగంటలో ఆమె గుమ్మం ముందు పదిహేను మంది పోగయ్యారు. ముందు పక్కింటి బుల్లమ్మ ఉంది. ఆమె కూతురు పురిటికి వచ్చి ఉంది. బిడ్డ పుట్టి పదకొండు రోజులు.

"ఏటే, నీ సేపలకి సలవ కావాల గానీ నా మనవడికి గాలి అక్కర్నేదా?"

"ఒక్క రోజుకే గదా అనుకున్నాను వదినా."

"ఆ ఒక్క రోజే పోనాది. ఇప్పుడడుగు నీ సేపల్ని, ఏ పాటి సల్లగున్నాయో!"

ఎవరో నవ్వారు. మరిడమ్మ అందరూ చూస్తుండగా ప్లగ్గు తీసి మళ్లీ పెట్టెలో పెట్టింది. కరెంటు రాలేదు. పదింటికి వచ్చింది.

తెల్లవారాక మూత తీసింది. గోడలకు ఆనుకున్నవి గట్టిగా ఉన్నాయి. నడుమ ఉన్నవి మెత్తబడ్డాయి. ఏరితే ఏడు కిలోలు తేలాయి. అవి తీసుకుని మొదటి ఆటో ఎక్కింది.

రాజకుమారి ఒక్కో చేపనూ నొక్కి చూసింది. "ఇవి బాగున్నాయి. మిగతావేవీ?"

"ఇవేనమ్మా."

"ఏడు కిలోలు ఎవులికెట్టమంటావు?" అని రాజకుమారి ఇంకో అమ్మకందారుకు ఫోను చేసింది. మాట్లాడటం అయ్యాక ఏడు కిలోలూ తూయించి తీసుకుంది. "రేపట్నించి రాకు మరిడమ్మా. నీ మీద కోపం కాదు. ఒక్కో రోజు ఒక్కోలాగుంటే నాకు కుదరదు."

సోమవారం పెద్దలు కూర్చున్నారు. మరిడమ్మ తప్పు ఒప్పుకుంది.

"ఫ్రీజరు అమ్మీస్తాను మావా. దాంతో నాకింక పనినేదు," అంది.

"అమ్మడానికి నేదు. పదకొండని రాసిచ్చినాను," అన్నాడు దాలయ్య.

"లోపలేటీ నేకుండానా?"

"లోపలేటున్నాదో ఆలడగరు. పగలంతా నడవాల, ఆరింటికి ఆగాల. నడవందే ఆగినట్టు లెక్క రాదంట."

మర్నాడు మరిడమ్మ ఫ్రీజరు కడిగింది. మూత వేసి, పెట్టెలో ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. ఐదింటికి గంపతో ఒడ్డుకు వెళ్లింది. జగన్నాధం వ్యాను వెనక తలుపులు తీసి ఉన్నాయి.

"మూడేల్లకి దారి తెలిసినాదేటి?" అన్నాడు అతను. "ఏటి, ధర నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

మరిడమ్మ గంప దించింది.

"నువ్వే సెప్పు," అంది.