కూర్చోమని చెప్పేవాళ్ళు లేక

షిగెనో బెంగంతా సమాధి గురించే. చావు గురించి కాదు. చావు ఎప్పుడో ఒకప్పుడు రానే వస్తుంది, దానికి బెంగపడి చేసేదేముంది? ఆమె దిగులల్లా ఒకటే. వాళ్ళ ఊళ్ళో ఎవరు పోయినా కాల్చి, బూడిదని సమాధిలో పెడతారు. ఆమె బూడిద చర్చివాళ్ళ ఉమ్మడి సమాధిలోకి వెళుతుంది. మొగుడు తొరకిచి బూడిద కొండమీద బుద్ధాలయం పక్కన, వాళ్ళ తాతముత్తాతల సమాధిలోకి వెళుతుంది. పెళ్ళయిన నాటినుంచీ ఒకే గదిలో ఒకే గురక వింటూ పడుకున్న మనుషులు, చచ్చాక చెరో దిక్కు.

"గురక లేకపోతే నాకు నిద్ర పట్టదండీ" అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో.

"చచ్చాక నిద్రపట్టక దొర్లుతావా ఏమిటే?" అనేవాడు తొరకిచి. "అయినా మా నాన్న పక్కన చోటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్యకి నేనెందుకు రావాలి?"

"చర్చికొస్తే ముక్కూ తెలుస్తుంది, మొహమూ తెలుస్తుంది."

తొరకిచి రేవులో పడవల ఇంజన్లు బాగుచేసి బతికిన మనిషి. మొండికేసిన ఇంజనునైనా దారికి తెచ్చేవాడు గానీ, తను మొండికేస్తే మాత్రం దారికి తెచ్చేవాళ్ళు లేరు. ఆ శీతాకాలం అమెరికా నుంచి కుర్రకారు బృందమొకటి జపాన్ చర్చిలు తిరుగుతూ, గిటార్లతో ఆరాధన నడిపిస్తూ వస్తోందని తెలిసి, షిగెనో మళ్ళీ పట్టుబట్టింది. చివరికి ఆయన వేలెత్తి చెప్పాడు.

"ఒక్క ఆదివారం వస్తాను. బాగుంటే ఆలోచిస్తా. బాగాలేకపోతే నువ్వు మళ్ళీ సమాధి మాట ఎత్తకూడదు. సరేనా?"

షిగెనో సరేనంది.

ఆ చర్చిలో ఉన్నదంతా ముసలివాళ్ళే. కిరసనాయిలు పొయ్యి మీద కెటిలు కూనిరాగం తీస్తుంటే, దానికి దగ్గరగా కుర్చీలు వరసల్లో సర్దుకొని కూర్చునేవాళ్ళు. ఆరాధన ఎవరు నడిపినా పద్ధతి ఒకటే. "దయచేసి లేవండి" అంటే లేస్తారు. పాట అవుతుంది. "దయచేసి కూర్చోండి" అంటే కూర్చుంటారు. చెప్పకుండా లేచినవాళ్ళు లేరు, చెప్పకుండా కూర్చున్నవాళ్ళు అసలే లేరు.

బృందం నాయకుడి పేరు డస్టిన్. ఎంత పొడుగంటే, గుమ్మం దగ్గర తల వంచినా నుదురు తగిలింది. బూట్లు విప్పించి లోపల తొడుక్కోమని చర్చివాళ్ళిచ్చిన చెప్పులు అతని పాదంలో సగానికే వచ్చాయి, మడమలు చల్లటి నేలమీదే. పక్కన పాడే పిల్ల మెలనీ అందరికీ నడుము వంచి దండాలు పెట్టింది, వాళ్ళు తిరిగి పెట్టారు, ఆమె మళ్ళీ పెట్టింది. పాస్టరు మిజొగుచి గారు మధ్యలోకి రాకపోతే అది తెమిలేది కాదు.

డస్టిన్ గిటారు తగిలించుకొని ఏదో అన్నాడు. "దయచేసి లేవండి" అని తర్జుమా చేశారు పాస్టరు గారు. అందరూ లేచారు. డస్టిన్ కళ్ళు మూసుకొని పాట ఎత్తుకున్నాడు.

మొదటి పాట అయింది. అందరూ కుర్చీల వైపు ఓ చూపు చూశారు. డస్టిన్ ఏమీ అనలేదు, రెండో పాటలోకి వెళ్ళిపోయాడు. అదీ అయింది. మూడోది మొదలైంది. అందులో ఉన్నదంతా ఒకటే వాక్యం. దాన్నే పైకెత్తి, కిందికి దించి, మళ్ళీ పైకెత్తి పాడుతున్నారు.

"ఏమే" అన్నాడు తొరకిచి పెళ్ళాం చెవిలో. "ఈ మాట ఇందాకే చెప్పారుగా. మీ దేవుడికి చెవుడా?"

"ష్! ఊరుకోండి."

"కూర్చుందామా?"

"కూర్చోమనలేదు కదండీ."

"ఎప్పుడంటారు?"

"ఏమో."

కుర్చీల మధ్య దారికి అవతల ఒనొదెరా నిలబడి ఉన్నాడు. చేపల వేలంపాటలో గొంతు అరగదీసుకున్న మనిషి. ఇంజను రిపేరు విషయంలో తొరకిచితో ఒకప్పుడు మాటామాటా పెరిగి, అప్పట్నుంచీ ఎదురుపడితే ఎత్తిపొడుపే.

"ఏం తొరకిచీ, మోకాళ్ళు మొరాయిస్తున్నాయా?" అన్నాడు గుసగుసగా.

"నాకా? సాయంత్రం దాకా నిలబడతా. నువ్వు పడిపోతే ఎవరు మోయాలి, ఆ సంగతి చూసుకో."

అంతే. ఇక ఆయన్ని కూర్చోబెట్టడం షిగెనో వల్ల కాని పని.

నాలుగో పాటకి చర్చి మొత్తం ఊగుతోంది. అందరూ ఎడమ కాలి బరువు కుడి కాలికీ, కుడి కాలి బరువు ఎడమ కాలికీ మార్చుకుంటున్నారు. డస్టిన్ కళ్ళు తెరిచి చూశాడు. ముసలివాళ్ళంతా పాటకి తగ్గట్టు ఊగుతున్నారనుకున్నాడు! సరిగ్గా అప్పుడే ముందు వరసలోని హత్సుయే గారు చెయ్యి పైకెత్తింది. ఊరి సమావేశాల్లో మాట్లాడటానికి అనుమతి అడిగినట్టు నిటారుగా ఎత్తింది. కూర్చోవచ్చా అని అడుగుదామని. ఆమె పరవశించి స్తుతిస్తోందనుకొని డస్టిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనూ చెయ్యెత్తాడు. మెలనీ రెండు చేతులూ ఎత్తింది. పాట ఇంకో మెట్టు పైకెక్కింది.

షిగెనో ఓరగా చూసింది. తొరకిచి పంట్లాము మోకాలి దగ్గర గజగజలాడుతోంది. ఆయన మొహం మాత్రం తుప్పుపట్టిన ఇంజనులా బిగుసుకొని ఉంది. ఇంకాసేపు ఇలాగే సాగితే అంతా అయిపోయినట్టే. ఈ మనిషి మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు. కానీ అతిథులు నిలబడి ఉండగా ఆమె కూర్చుంటే, నలుగురూ ఏమనుకుంటారు? ప్రభువా, ఈ పాట ఆపెయ్యి అని ప్రార్థించింది. కీర్తన ఆపమని దేవుణ్ణి వేడుకోవడం ఆమెకి అదే మొదలు.

పాట ఆగింది. షిగెనో ప్రాణం లేచివచ్చింది. డస్టిన్ మెరిసే కళ్ళతో గబగబా ఏదో చెప్పాడు. పాస్టరు గారు నీరసంగా గోడకి చెయ్యి ఆనించి తర్జుమా చేశారు.

"మీ ఉత్సాహం చూసి వీళ్ళ మనసు నిండిపోయిందట. మళ్ళీ మొదటి పాట నుంచీ పాడదామంటున్నారు."

"దయచేసి కూర్చోండి!"

ఆ కేక తనదేనని షిగెనోకి కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పటికే చర్చి అంతా ధబ్బున కూలబడింది. పాస్టరు గారు కూడా. తొరకిచి, ఒనొదెరా మాత్రం ఒకరినొకరు కనిపెట్టుకుంటూ అంగుళం అంగుళం దిగారు.

డస్టిన్ గిటారు తీగల మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. మెలనీ మొహం ఎర్రబడింది. ఏదో పెద్ద తప్పు చేశామని, ఊరు ఊరంతా కోప్పడిందని అనుకున్నారు పాపం. షిగెనో తల వంచుకుంది. నేల చీలితే అందులోకి దూరిపోదును కదా అనుకుంది.

అప్పుడు పక్కన కుర్చీ కిర్రుమంది. తొరకిచి ముందు కుర్చీ పట్టుకొని లేస్తున్నాడు.

"ఏమండీ, ఎక్కడికి?" అంది ఆమె బిక్కచచ్చిపోయి. వెళ్ళిపోతున్నాడనే అనుకుంది.

"అయ్యగారూ" అన్నాడాయన పాస్టరు గారితో. "ఆ కుర్రాడికి చెప్పండి. ఇక్కడ చెప్పనిదే కూర్చోరు. నా పెళ్ళాం చెప్పింది, కూర్చున్నారు. పాట బాగాలేక కాదు, మోకాళ్ళు బాగాలేక. మీరైనా ముందే చెప్పొద్దూ?"

"ఆయన అనని మాట నేనెట్లా తర్జుమా చేసేది?" అన్నారు పాస్టరు గారు నుదురు తుడుచుకుంటూ. కానీ ఇది మాత్రం తర్జుమా చేశారు.

డస్టిన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "మా ఊళ్ళో ఎవరికి కావాలంటే వాళ్ళు కూర్చుంటారండీ!"

"ఎవరికి తోస్తే వాళ్ళా?" హత్సుయే గారు నోరు తెరిచింది. "చూసేవాళ్ళకి ఎట్లా ఉంటుంది?"

"మరి మీరు చెయ్యెత్తారు కదా అమ్మగారూ?" అని డస్టిన్ పాస్టరు గారిచేత అడిగించాడు.

"ఎత్తాను. ఎవరూ పిలవలేదు, దించేశాను."

ముందు మెలనీయే పకపకా నవ్వింది. తర్వాత ఎవరు ఆపుకోగలరు? డస్టిన్ నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. మిగిలిన ఆరాధనంతా అందరూ కూర్చొనే పాడారు. ఆ ఒక్క వాక్యం పాటలో తొరకిచి పెదవులు కదిలాయో లేదో షిగెనోకి సరిగ్గా కనిపించలేదు. అటు తిరిగి చూసే ధైర్యం ఆమెకి లేదు.

ఆరాధన తర్వాత అందరికీ కూరా అన్నమూ వడ్డించారు. ఒనొదెరా చెంచా ఆడిస్తూ, "ముందు కూర్చున్నది నువ్వే" అన్నాడు.

"నువ్వే. నేను కళ్ళారా చూశా."

"కళ్ళజోడు లేకుండానా?"

కూర చల్లారిపోయినా వాళ్ళ వాదన తెమల్లేదు. ఇంటికి బయల్దేరేటప్పుడు గుమ్మంలో తొరకిచి బూట్లు వేసుకోబోయాడు. మోకాళ్ళు వంగలేదు. షిగెనో కింద కూర్చొని బూట్లు తొడిగి, వాటి తాడు కట్టసాగింది. ఏమీ అడగలేదు. బాగాలేకపోతే సమాధి మాట ఎత్తనని మాటిచ్చింది మరి.

"ఆ ఒనొదెరా కూడా ఆ ఉమ్మడి సమాధిలోకేనా?" అన్నాడాయన ఆమె తలమీదుగా వీధిలోకి చూస్తూ.

"ఆయనా అందులోకే."

"వాడు అక్కడ చేరి, తొరకిచే ముందు కూర్చున్నాడని అందరికీ చాటుతుంటే జవాబు చెప్పేవాడు ఉండక్కర్లేదూ?"

షిగెనో చేతిలో ముడి జారిపోయింది. మళ్ళీ కట్టసాగింది. ఈసారి తొందరపడలేదు.

"వచ్చే ఆదివారం కాస్త మెత్త తీసుకురా" అన్నాడు తొరకిచి. "ఆ కుర్చీలు గట్టిగా ఉన్నాయి."