ఎడమ వరుస మరకలు

నాందేడ్ పారిశ్రామిక వాడలో ట్రాక్టర్ రేడియేటర్లు చేసే ఆ కార్ఖానాలో సుమన ఏడేళ్లుగా పనిచేస్తోంది. అల్యూమినియం భాగాల మీది నూనె జిడ్డును ఆమె, మరో నలుగురు ఆడవాళ్లు కడిగి ఇస్తే, ఫర్నేసులో కాల్చి అతికిస్తారు. వారం రోజులుగా మెరుస్తూ లోపలికి వెళ్లిన భాగాలు నల్లటి మరకలతో బయటికి వస్తున్నాయి. రెండు లారీల సరుకు వాపసు వచ్చింది.

సూపర్‌వైజర్ ఉమాకాంత్ మరాఠీలో రాసిన కాగితం ఒకటి తెచ్చాడు. ఆయనది తెలంగాణ సరిహద్దులోని ధర్మాబాద్, వీళ్లతో తెలుగే మాట్లాడతాడు.

"జిడ్డు సరిగ్గ కడగనందుకే మరకలు పడ్డయని రాసిన. ఐదుగురు సంతకం పెట్టుండ్రి."

సుమన రెండుసార్లు చదివి కాగితాన్ని వెనక్కి నెట్టింది.

"పెట్టను సాబ్. మేం మంచిగనే కడిగినం."

"మరి మరకలు యాడికెళ్లి అచ్చినయ్?"

"గదే జూద్దాం. మీ ముందటనే కడుగుత, నిలబడుండ్రి."

ఒకే తొట్టిలో ఎనిమిది భాగాలు కడిగి ఆరబెట్టింది. ఫర్నేసు నడిపే కాశీరాం వాటిని బెల్టు మీద నాలుగు కుడికి, నాలుగు ఎడమకు పేర్చాడు. కుడివి మెరుస్తూ వచ్చాయి. ఎడమవి నల్లబడ్డాయి.

"ఆ నాలుగు సరిగ్గ కడగలే నువ్వు," అన్నాడు ఉమాకాంత్.

ఆమె ఇంకో ఎనిమిది కడిగింది. ఈసారీ ఎడమ వరుసే నల్లబడింది.

"మరక ముక్కకు లేదు సాబ్, తావుకున్నది. ఏది పెట్టినా ఎడమ దిక్కే నల్లబడుతున్నది. ఫర్నేసు తెరువుండ్రి."

"రెండు షిఫ్టులు ఆగిపోతయ్! ఎవలు జవాబు చెప్తరు?"

"నేను చెప్త. గట్ల రాసియ్యుండ్రి, దాని మీద సంతకం పెడత."

మిగతా నలుగురూ తొట్లలోంచి చేతులు తీసి ఆమె వెనకాల నిలబడ్డారు. కాశీరాం గొంతు సవరించుకున్నాడు.

"ఫర్నేసుకు సల్లదనమిచ్చే ట్యాంకుల నీళ్లు రోజూ తక్కువైతున్నయని నేను గూడ చెప్పిన సాబ్. మీరు ఇనలే." అంటూనే స్విచ్ ఆపేశాడు.

ఫర్నేసు చల్లారేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. కాలిన భాగాలను చల్లబరిచే గదికి ఎడమ గోడలో అతుకు పగిలి, చుట్టూ తిరిగే నీళ్లు లోపలికి ఊరుతున్నాయి. ఆ ఆవిరి తగిలే వేడి లోహం నల్లబడుతోంది.

ఉమాకాంత్ ముఖం తుడుచుకున్నాడు. "సరే, అయిపోయింది గద. ఆ కాగితం చింపేస్త."

"చింపకుండ్రి. కడిగినోళ్ల తప్పు లేదని దాని కిందనే రాసి, నోటీసు బోర్డుకు అతికియ్యుండ్రి."

ఆయన నిలబడే గబగబా రాసి, కాగితం, పెన్ను ఆమె ముందు పెట్టాడు. సుమన తడి చేతులు కొంగుకు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. 'బహుశా వారి తప్పు లేదు' అని ఉంది.

"ఆ 'బహుశా' కొట్టేయుండ్రి సాబ్," అంది, పెన్ను ఆయన చేతికే తిరిగి ఇస్తూ.