ఇత్తడి స్క్రూ

సరిహద్దు గోదాములో కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడుతున్న యంత్రాన్ని చూడగానే కస్టమ్స్ ఏజెంటమ్మ గుండె ఒక్క క్షణం జారింది. మూడు నెలల కిందట దిగినప్పుడు దాని ఒంటినిండా గీతలు, ఎడమ పక్క అరచేయంత సొట్ట ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు.

అది పుస్తకాలు కుట్టే యంత్రం. ప్రెస్సు నడిపే ఆమె మరిది ప్రదర్శన కోసం పొరుగు దేశం నుంచి తెప్పించాడు. అమ్మకానికి కాదు గనక సుంకం లేదు, బదులుగా బాండు రాయాలి. వచ్చిన యంత్రమే గడువులోగా తిరిగి పోతుందని పూచీ పడుతూ ఆమె సంతకం పెట్టింది. మాట తప్పితే ఏజెన్సీ లైసెన్సు రద్దు. అత్తగారు ముప్పై ఏళ్ళు కాళ్ళరిగేలా తిరిగి నిలబెట్టిన లైసెన్సు అది. గడువు ఆ సాయంత్రంతో సరి.

మరిది మాత్రం ముఖం చాటంత చేసుకున్నాడు. "ఎలా ఉంది వదినా? సొట్టలతో పంపితే మన పరువేం కావాలి? బాగుచేయించి రంగు కొట్టించాను." రంగు అంటకుండా నంబరు రేకు కూడా విప్పించి, మళ్ళీ బిగించాడట.

కస్టమ్స్ ఇన్‌స్పెక్టరు కాగితాలు తిప్పి పెదవి విరిచాడు. అసలు యంత్రం ఇక్కడే అమ్మేసుకుని, దాని రేకు ఇంకోదానికి తగిలించి పంపే మహానుభావులను ఆయన బోలెడుమందిని చూశాడు. ఇది అదేనని నమ్మేదెలా అని అడిగాడు. తను చేసిన ఘనకార్యం అప్పటికి గాని మరిదికి తలకెక్కలేదు.

ఏజెంటమ్మ అప్పటికే కుదుటపడింది. పని నేర్పేటప్పుడు అత్తగారు ఒకటే పోరేవారు, కనబడేది ఎవరైనా రాస్తారు, నువ్వు వంగి చూసి రాయి అని. అందుకే యంత్రం దిగిన రోజు ఆమె నేల మీద పడుకుని మరీ గుర్తులు రాసి, ఆ జాబితాను కస్టమ్స్ కాగితాలకు జతచేసింది. పక్కనే నిలబడి పగలబడి నవ్విన మరిది, భూతద్దం వదిన అని పేరు కూడా పెట్టాడు.

"పదకొండో గుర్తు చదవండి సార్," అంది.

అడుగు పలకకు ఆరు స్క్రూలు, మోటారు వైపు నుంచి మూడోది ఇత్తడిది, దాని తల ఒక అంచున విరిగింది. జాబితా చివర, యంత్రం దిగిన రోజు కస్టమ్స్ వేసిన ముద్ర ఉంది.

"పైపై మెరుగులు దిద్దినవాడు కిందికెందుకు దూరతాడు? చూడండి."

ఇన్‌స్పెక్టరు తన ఇస్త్రీ ప్యాంటు వంక జాలిగా చూసుకుని, అట్ట పరచుకుని, టార్చితో కిందికి దూరాడు. ఆయన కాళ్ళు రెండే బయట కనిపిస్తున్నాయి. కాగితంలో లేని ప్రశ్న ఒకటి కింది నుంచి వచ్చింది, విరిగిన అంచు ఏ వైపు ఉందని.

"మోటారు వైపే," అంది ఆమె తడుముకోకుండా.

ఆయన బయటికొచ్చి, జుట్టుకు అంటిన బూజు దులుపుకుని, ముద్ర కొట్టాడు. మరిది తల దించుకుని, ఇకమీదట ఆ పేరుతో పిలవనన్నాడు. పర్వాలేదు, అలాగే పిలవమంది ఆమె.

ఇంటి నుంచి అత్తగారు ఫోను చేశారు. ఎప్పటిలాగే ముక్తసరిగా, "వంగి చూశావా?" అని అడిగారు.

"ఈసారి నేను వంగలేదత్తయ్యా. ఇన్‌స్పెక్టరు గారే వంగారు."

పెళ్ళయ్యాక ఒక్కసారైనా ఆవిడ నోట మెప్పు వినని కోడలు, ఫోను చెవికి ఇంకాస్త అదిమిపెట్టింది.

"ముప్పై ఏళ్ళలో నా వల్ల కాలేదమ్మా అది," అన్నారు అత్తగారు.